ఎంత తప్పింది, ఎక్కడ తప్పింది

ఈ ప్రసంగంలో అంకెలు కాస్త ఎక్కువగానే వస్తాయి. కాగితం, పెన్ను దగ్గర ఉంటే మంచిది. లేకపోయినా వాదన చెవికి అందేలాగే చెబుతాను. విషయం సీబీ రేడియో. సిటిజన్స్ బ్యాండ్ అనే ఈ రేడియో అమెరికా లారీ డ్రైవర్ల చేతిలో పేరు తెచ్చుకుంది. 1958లో 27 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలైంది. 1973 నాటి చమురు కొరత తర్వాత, ఏ బంకులో డీజిలు దొరుకుతోంది, పోలీసు కారు ఏ మలుపులో కాపు కాసింది అనే కబుర్లు మోస్తూ హైవేల నిండా వ్యాపించింది. 1977 జనవరి నుంచి అక్కడ 23 చానళ్ళు కాస్తా 40 అయ్యాయి. మొదటి చానల్ 26.965 మెగాహెర్ట్జ్, నలభయ్యోది 27.405. అత్యవసరానికి కేటాయించినది 9వ చానల్. లారీల వాళ్ళు మాట్లాడుకునేది 19వ చానల్, అంటే 27.185 మెగాహెర్ట్జ్. ఈ ఒక్క అంకె గుర్తుంచుకోండి, తర్వాతి లెక్కలు చాలావరకు దీని చుట్టూనే తిరుగుతాయి.

సీబీ వాడేవాళ్ళకు తరచు వినబడే మాట ఒకటుంది: ‘నీ సెట్టు ఫ్రీక్వెన్సీ తప్పింది, ఒకసారి అలైన్ చేయించు.’ ఆ మాట చెవిన పడగానే సెట్టు మూత విప్పేవాళ్ళు చాలామంది. లోపల చిన్న చిన్న రేకు డబ్బీల్లో కాయిల్స్, వాటి నడినెత్తిన తిరిగే కోర్లు, పక్కన ట్రిమ్మర్లు కనిపిస్తాయి. తిరిగేదేదైనా తిప్పడానికే ఉందని మనిషికి తోస్తుంది. ఒక కోరు అర చుట్టు, ఇంకో కోరు పావు చుట్టు. గంట గడిచేసరికి మొదట ఉన్న తప్పు ఒకటి, చేతులారా చేసుకున్నవి నాలుగు. నేను చెప్పదలచుకున్నది ఇది. తప్పు ఎంత, ఏ చానళ్ళలో, ఏ మోడ్‌లో, ఏ సమయంలో అన్న నాలుగు సంగతులూ కొలిచి రాసుకుంటే, లోపం ఏ భాగంలో ఉందో మూత విప్పకముందే చాలావరకు తేలిపోతుంది. అలా తేలినప్పుడు, తిప్పి సరిచేయాల్సిన స్క్రూ ఏదీ లేదని బయటపడే సందర్భాలు తక్కువేమీ కాదు.

ఈ మాటకు ఆధారం సెట్టు తన ఫ్రీక్వెన్సీలను పుట్టించుకునే తీరులోనే ఉంది. 23 చానళ్ళ కాలంలో ఒక్కో సెట్టులో డజనుకు పైగా క్రిస్టళ్ళు ఉండేవి. ఆరు క్రిస్టళ్ళ గుంపులోంచి ఒకటి, నాలుగు క్రిస్టళ్ళ గుంపులోంచి ఒకటి తీసి కలిపితే ఒక చానల్ తయారయ్యేది. ఆరింటిలో ఒకటి చెడితే నాలుగేసి చానళ్ళు, నాలుగింటిలో ఒకటి చెడితే ఆరేసి చానళ్ళు ఒక్కసారిగా తప్పేవి, మిగతావి శుభ్రంగా ఉండేవి. తప్పిన చానళ్ళ జాబితా రాస్తే చెడిన క్రిస్టల్ ఏదో ఆ జాబితాయే చెప్పేది. 40 చానళ్ళ సెట్లలో ఆ పద్ధతి పోయి ఫేజ్ లాక్డ్ లూప్, పొట్టిగా పీఎల్ఎల్, స్థిరపడింది. ఇందులో మూలం ఒక్క క్రిస్టలే. చాలా సెట్లలో దాని ఫ్రీక్వెన్సీ 10.240 మెగాహెర్ట్జ్. ఈ అంకెను ఊరికే ఎంచుకోలేదు. 10,240 కిలోహెర్ట్జ్‌ను 1024తో భాగిస్తే సరిగ్గా 10 కిలోహెర్ట్జ్ వస్తుంది, చానళ్ళ మధ్య అంగ అదే. 1024 అంటే రెండును పదిసార్లు హెచ్చవేసిన అంకె కనుక, డిజిటల్ చిప్పుకు ఆ భాగహారం సులువు. సెట్టులో వీసీఓ అనే ఇంకో ఆసిలేటర్ ఉంటుంది. దానికిచ్చే వోల్టేజి మారితే దాని ఫ్రీక్వెన్సీ మారుతుంది. చానల్ నాబ్ పంపిన అంకెను బట్టి చిప్పు ఆ ఫ్రీక్వెన్సీని భాగించి, క్రిస్టల్ నుంచి వచ్చిన 10 కిలోహెర్ట్జ్‌తో పోల్చి, తేడా ఉన్నంతసేపూ వోల్టేజిని సవరిస్తూనే ఉంటుంది. రెండూ కలిస్తే లాక్ అయినట్టు. ఇదే క్రిస్టల్ రిసీవర్‌లోనూ పనికొస్తుంది. 10.695 మెగాహెర్ట్జ్ మొదటి ఇంటర్మీడియట్ ఫ్రీక్వెన్సీ, అంటే ఐఎఫ్‌లోంచి 10.240 తీసేస్తే 455 కిలోహెర్ట్జ్ మిగులుతుంది. మన రేడియో మెకానిక్కులందరికీ పాత పరిచయస్థురాలైన ఐఎఫ్ అది.

ఇక తప్పు పరిమాణానికి వద్దాం. చానల్ నాబ్ కాంటాక్టు మాసిపోయి చిప్పుకు తప్పు అంకె అందిందనుకోండి. అప్పుడు ఫ్రీక్వెన్సీ 10 కిలోహెర్ట్జో, 20 కిలోహెర్ట్జో, 80 కిలోహెర్ట్జో పక్కకు పోతుంది. పోతే నిండు అంగలుగానే పోతుంది, 437 హెర్ట్జ్ తప్పడం దానికి చేతకాదు, ఎందుకంటే చిప్పు చేసేది పూర్ణాంకాల లెక్క. కాబట్టి ఫ్రీక్వెన్సీ కౌంటర్ మీద పదుల కిలోహెర్ట్జ్ తేడా కనిపిస్తే ట్రిమ్మర్ జోలికి పోవడం దండగ. నాబ్‌ను కాంటాక్ట్ క్లీనర్‌తో శుభ్రం చేయాలి, దాని నుంచి చిప్పుకు పోయే వైర్ల సోల్డరింగ్ చూడాలి. ఇందుకు భిన్నంగా, మూల క్రిస్టల్ 10.240 దగ్గర 205 హెర్ట్జ్ పెరిగిందనుకోండి. అది పది లక్షలకు 20 వంతులు. ఫ్రీక్వెన్సీ అంతా ఆ ఒక్క క్రిస్టల్ నుంచే వచ్చే సెట్టులో ప్రతి చానలూ అదే నిష్పత్తిలో పెరుగుతుంది, 19వ చానల్ మీద సుమారు 544 హెర్ట్జ్. మొదటి చానల్‌కూ నలభయ్యో చానల్‌కూ మధ్య ఉన్నది 440 కిలోహెర్ట్జే కనుక, ఆ రెండింటి తప్పుల మధ్య తేడా 9 హెర్ట్జ్ కూడా రాదు. అందువల్ల 1, 19, 40 చానళ్ళ మీద కొలిచినప్పుడు తప్పు ఇంచుమించు ఒకటే అయితే అనుమానం మూల క్రిస్టల్ మీదికి, దాని పక్కనున్న ట్రిమ్మర్, కెపాసిటర్ల మీదికి పోవాలి. ఒకచోట 500 హెర్ట్జ్, ఇంకోచోట సున్నా అయితే క్రిస్టల్ నిర్దోషి. ఆ రెండు కొలతల మధ్య సెట్టు వేడెక్కిందేమో, లాక్ జారిందేమో చూడాలి.

లాక్ జారడం మూడో జాతి తప్పు. లారీ కుదుపులకు వీసీఓ కాయిల్ కోరు కదిలినా, దానికి ఆనుకున్న కెపాసిటర్ విలువ మారినా, వీసీఓ అందుకోగల పరిధి పక్కకు జరుగుతుంది. అప్పుడు కింది 30 చానళ్ళు బాగానే ఉండి పై పది చానళ్ళు పలకవు. చాలా చిప్పులు లాక్ జారగానే ట్రాన్స్‌మిటర్‌ను తామే ఆపేస్తాయి. జారిందో లేదో మల్టీమీటర్ చెబుతుంది. వీసీఓకు పోయే వోల్టేజి చానల్ మార్చినకొద్దీ మెట్లు మెట్లుగా మారుతుంటే లాక్ ఉన్నట్టే. ఒక కొసకు పోయి కదలకుండా నిలిచిపోతే లేనట్టే. వీసీఓ కోరు తిప్పాల్సిన అవసరం ఏర్పడేది ఇలాంటప్పుడే, అదీ సర్వీస్ మాన్యువల్ చెప్పిన చానల్ మీద, చెప్పిన వోల్టేజి వచ్చేదాకానే. లాక్‌లో ఉన్న సెట్టులో ఆ కోరు ఎంత తిప్పినా ఫ్రీక్వెన్సీ మారదు. లూప్ తన వోల్టేజిని మార్చుకుని మళ్ళీ అక్కడికే వచ్చి కూర్చుంటుంది. ఈ సంగతి తెలియనివాళ్ళు కౌంటర్ కదలడం లేదని విసుగుపడి, కోరు ఒక కొసకు చేరి లాక్ జారేదాకా తిప్పుతారు. ఫ్రీక్వెన్సీ కొద్దిగా తప్పిన సెట్టు మూగసెట్టు అయ్యేది అలాగే.

పరిమాణం తెలిశాక కూడా, అది నిజంగా తప్పేనా అని అడగాలి. అమెరికా చానళ్ళ పట్టికలోనే వంకరలున్నాయి. 3వ చానల్ 26.985, 4వది 27.005. మధ్యలో 26.995 కనబడదు, అది రిమోట్ కంట్రోల్ పరికరాలకు పోయింది. 22వ చానల్ 27.225, 23వది 27.255, ఆ తర్వాత వచ్చే 24వది వెనక్కి మళ్ళి 27.235, 25వది 27.245. పట్టిక చూడకుండా 22వ చానల్ అంకెకు 10 కిలోహెర్ట్జ్ కలుపుకున్నవాడికి 23వ చానల్ మీద సెట్టు 20 కిలోహెర్ట్జ్ తప్పినట్టు కనిపిస్తుంది. దేశం మారితే పట్టిక మారుతుంది. బ్రిటన్ 1981లో సీబీని అనుమతించినప్పుడు తన సొంత ఎఫ్ఎమ్ చానళ్ళను 27.60125 నుంచి 27.99125 మెగాహెర్ట్జ్ వరకు పెట్టుకుంది. ఆ చివరి 1.25 కిలోహెర్ట్జ్‌ను తప్పనుకుని సరిచేయబోతే చక్కటి సెట్టు చెడుతుంది. ఇక ఏఎమ్‌లో ఇద్దరు ఒకేసారి బటన్ నొక్కినప్పుడు వినవచ్చే ఈల సంగతి. అది ఆ రెండు సెట్ల క్యారియర్ల, అంటే మాటను మోసే తరంగాల, మధ్య తేడాయే. ఏ రెండు సెట్లూ అక్షరాలా ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఉండవని ఆ ఈల చెబుతుంది, అంతకుమించి ఎవరిదీ తప్పని చెప్పదు. పక్క చానల్‌లోకి మాట పొంగిపొర్లడం కూడా చాలాసార్లు ఫ్రీక్వెన్సీ లోపం కాదు, మైకు గెయిన్ మితిమీరి మాడ్యులేషన్ పగిలిపోవడం. గెయిన్ తగ్గిస్తే పొర్లడం తగ్గిందా, అయితే అలైన్‌మెంట్‌కు అక్కడ పని లేదు. వాహనం వేగం వల్ల ఫ్రీక్వెన్సీ జరుగుతుందని వాదించేవాళ్ళూ ఉన్నారు. డాప్లర్ ప్రభావం నిజమే. కాని గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోయే లారీకి 27 మెగాహెర్ట్జ్ దగ్గర అది రెండున్నర హెర్ట్జ్. దాన్ని మరిచిపోవచ్చు.

కొలతకు కావలసినవి 50 ఓముల డమ్మీ లోడ్, 13.8 వోల్టుల రెగ్యులేటెడ్ సప్లై, ఒక ఫ్రీక్వెన్సీ కౌంటర్. ఆంటెనాకు బదులు డమ్మీ లోడ్ తగిలించాలి. పరీక్షల పేరుతో చానల్ మీద గంటసేపు క్యారియర్ వదలడం చట్టానికీ మర్యాదకూ కూడా విరుద్ధం. కౌంటర్‌ను 4 వాట్ల అవుట్‌పుట్‌కు నేరుగా తగిలిస్తే దాని ఇన్‌పుట్ మాడే ప్రమాదం ఉంది. లోడ్ దగ్గర చిన్న వైరు చుట్టతో కొద్దిగా సిగ్నల్ తీసుకుంటే చాలు. ఏఎమ్‌లో బటన్ నొక్కి మాట్లాడకుండా ఉంటే కౌంటర్ 27.185 చూపాలి. ఎస్ఎస్‌బీలో, అంటే సింగిల్ సైడ్‌బ్యాండ్ మోడ్‌లో, క్యారియరే ఉండదు కాబట్టి మాట్లాడకుండా కొలవడానికి ఏమీ దొరకదు. మైకు దగ్గర 1 కిలోహెర్ట్జ్ స్వరం వినిపించాలి. అప్పుడు 19వ చానల్ మీద యూఎస్‌బీ (పై సైడ్‌బ్యాండ్)లో 27.186, ఎల్ఎస్‌బీ (కింది సైడ్‌బ్యాండ్)లో 27.184 రావాలి. ఇక్కడ ఒక హెచ్చరిక. కౌంటర్ ఎనిమిది అంకెలు చూపినంత మాత్రాన ఎనిమిది అంకెలూ నిజం కావు. దాని లోపల కూడా ఒక క్రిస్టలే ఉంది. తూనికరాయే తరుగైతే తూకం ఎంత జాగ్రత్తగా వేసి ఏం లాభం? చవక కౌంటర్ పది లక్షలకు 10 వంతులు తప్పితే 27.185 దగ్గర అది 272 హెర్ట్జ్. కౌంటర్‌ను సరిచూసుకునే దారులున్నాయి. కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్ నుంచి డబ్ల్యూడబ్ల్యూవీ కేంద్రం 2.5, 5, 10, 15, 20 మెగాహెర్ట్జ్ మీద ప్రామాణిక ఫ్రీక్వెన్సీని ప్రసారం చేస్తుంది. షార్ట్‌వేవ్ రిసీవర్‌లో దాని 10 మెగాహెర్ట్జ్‌నూ కౌంటర్ లోపలి 10 మెగాహెర్ట్జ్‌నూ కలిపి వింటే రెండింటి తేడా లయగా పైకీ కిందికీ ఊగుతుంది. సెకనుకు ఒక ఊపు అంటే కోటిలో ఒక వంతు తప్పు, 27.185 దగ్గర మూడు హెర్ట్జ్ లోపు. జీపీఎస్ ఉపగ్రహాల గడియారంతో సరిచూసుకునే ఆసిలేటర్లు కూడా ఇప్పుడు దొరుకుతున్నాయి.

ఇంత శ్రమ ఎందుకని అడిగేవాళ్ళకు బలమైన వాదనే ఉంది. అమెరికా ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ సీబీకి ఇచ్చిన సడలింపు పది లక్షలకు 50 వంతులు. అంటే 19వ చానల్ మీద 1359 హెర్ట్జ్ అటో ఇటో ఉన్నా చట్టం ఒప్పుకుంటుంది. ఏఎమ్ మట్టుకైతే నేనూ ఒప్పుకుంటాను. ఏఎమ్ రిసీవర్ క్యారియర్ ఎత్తుపల్లాలనే చదువుతుంది. క్యారియర్ 300 హెర్ట్జ్ పక్కకు జరిగితే ఆ ఎత్తుపల్లాలు మారవు, మాట మారదు. దాదాపు 6 కిలోహెర్ట్జ్ వెడల్పున్న ఫిల్టర్ ఆ మాత్రం తేడాను పట్టించుకోదు. కనుక ఏఎమ్ మాత్రమే ఉన్న సెట్టు 300 హెర్ట్జ్ తప్పిందని తేలితే నా సలహా ఒక్కటే, మూత పెట్టేయండి. ఎస్ఎస్‌బీలో లెక్క వేరు. అక్కడ క్యారియర్‌ను రిసీవరే తిరిగి పుట్టించుకోవాలి. అది 100 హెర్ట్జ్ తేడాగా పుడితే గొంతులోని ప్రతి స్వరానికీ 100 హెర్ట్జ్ కలుస్తుంది లేదా తగ్గుతుంది. ఇది శ్రుతి పెంచడం లాంటిది కాదు, శ్రుతి పెంచినప్పుడు స్వరాల నిష్పత్తులు నిలుస్తాయి. సంగీతంలో లెక్కేసి చూడండి. షడ్జం 200 హెర్ట్జ్ అయితే పంచమం 300, నిష్పత్తి రెండుకు మూడు. రెండింటికీ 100 కలిపితే 300, 400, నిష్పత్తి మూడుకు నాలుగు. అవతల పాడిన పంచమం ఇవతల శుద్ధ మధ్యమంగా చేరింది. మనిషి గొంతులోని అనుస్వరాలన్నీ ఇలాగే పట్టు తప్పితే వినేవాడికి బాతు అరుపో, గుహలోంచి వచ్చే గొణుగుడో మిగులుతుంది. చట్టం ఒప్పుకునే 1359 హెర్ట్జ్ తప్పుతో ఎస్ఎస్‌బీలో ఒక్క మాటా అర్థం కాదు. సడలింపు చట్టపు హద్దు, వినికిడికి హద్దు అంతకంటే చాలా దగ్గర్లో ఉంది.

ఎస్ఎస్‌బీ సెట్టులో అదనపు ఆనవాళ్ళు కూడా దొరుకుతాయి. ఏఎమ్, యూఎస్‌బీ, ఎల్ఎస్‌బీలకు విడివిడి సర్దుబాట్లు ఉంటాయి కాబట్టి మూడింటిలోనూ తప్పు ఒకే దిక్కున, ఒకే మోతాదులో ఉంటే మూలం అన్నిటికీ ఉమ్మడిగా ఉన్నచోట ఉంది. ఏఎమ్ బాగుండి యూఎస్‌బీ ఒక్కటే 200 హెర్ట్జ్ తప్పితే ఉమ్మడి క్రిస్టల్‌ను ముట్టుకోకూడదు. ముట్టుకుంటే యూఎస్‌బీ బాగుపడి మిగతా రెండూ చెడతాయి, ఆ పైన వాటిని సరిచేయడానికి ఇంకో రెండు తిప్పాలి. మాన్యువల్‌లో మూల క్రిస్టల్ సర్దుబాటు ముందు, మోడ్‌ల సర్దుబాటు తర్వాత అని వరుస రాసి ఉండేది ఇందుకే.

మరో ఆనవాలు కాలం. చలికాలంలో మిన్నెసోటాలో తెల్లవారుజామున లారీ తలుపు తీసేసరికి సెట్టు గడ్డకట్టే చలిలో ఉంటుంది. అరగంటలో హీటర్ దాన్ని వెచ్చబరుస్తుంది. ఈ మధ్యలో క్రిస్టల్, దాని చుట్టూ ఉన్న కెపాసిటర్లు తమ విలువలు మార్చుకుంటాయి. ఆన్ చేసిన వెంటనే ఒక కొలత, అరగంట తర్వాత ఒక కొలత తీస్తే, తప్పు వెచ్చదనంతో తనంత తానే తగ్గేదో కాదో తెలుస్తుంది. తగ్గేదే అయితే చల్లని సెట్టును సరిచేయడమంటే వెచ్చని సెట్టును చెడగొట్టడమే. గొంతు పెంచినప్పుడల్లా ఫ్రీక్వెన్సీ ఊగి మాట వణికితే అది వేరే జబ్బు. ఎస్ఎస్‌బీలో సెట్టు గొంతు పెరిగినకొద్దీ ఎక్కువ కరెంటు లాగుతుంది. సన్నటి వైరు, సిగరెట్ లైటర్ సాకెట్టు, తుప్పు పట్టిన ఎర్తు ఆ కరెంటుకు తాళలేక వోల్టేజి కుంగుతుంది, దాంతో ఆసిలేటర్ కదులుతుంది. మైకులోకి ఈల వేస్తూ సెట్టు వెనక ప్లగ్గు దగ్గర వోల్టేజి కొలిస్తే సంగతి బయటపడుతుంది. అక్కడ నిలకడగా ఉండి లోపలి రెగ్యులేటర్ దగ్గర కుంగితే లోపం సెట్టులోనిది, చాలాసార్లు ఎండిపోయిన ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌ది. సెట్టును తట్టితే ఫ్రీక్వెన్సీ ఎగిరితే చల్లారిన సోల్డరింగో, వదులైన ట్రిమ్మరో. వీటిలో ఏ ఒక్కటీ కోరు తిప్పితే పోయేది కాదు.

సెకండ్ హ్యాండ్ సెట్ల విషయంలో మొదట అనుమానించాల్సింది పాత యజమాని చేతిని. ఎస్ఎస్‌బీ సెట్ల ముందు క్లారిఫయర్ అనే నాబ్ ఉంటుంది. అవతలివాడి గొంతు స్పష్టంగా వినబడేలా రిసీవర్‌ను కొన్ని వందల హెర్ట్జ్ అటూ ఇటూ జరపడానికి అది ఉంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ట్రాన్స్‌మిటర్‌ను అది కదిలించదు. చాలామంది రెసిస్టరో వైరో కత్తిరించి, ట్రాన్స్‌మిటర్‌ను కూడా ఆ నాబ్‌కు కట్టేస్తారు. దాంతో సెట్టు సర్టిఫికేషన్ పోతుంది. నిలకడగా ఉండాల్సిన ప్రసార ఫ్రీక్వెన్సీ అరిగిన నాబ్ దయ మీద ఆధారపడుతుంది. ఇద్దరు మాట్లాడుకుంటూ ఒకరినొకరు సరిచేసుకునే క్రమంలో ఇద్దరూ మెల్లగా ఒకే దిక్కుకు జరిగిపోవడం ఇలాంటి సెట్లతోనే చూస్తాం. అక్కడ ఉన్నది వినే ఫ్రీక్వెన్సీకీ చెప్పే ఫ్రీక్వెన్సీకీ మధ్య తేడా. ఒక్కో కొలతే తీస్తే అది దొరకదు, రెండూ విడివిడిగా కొలిచి తీసివేత చేస్తే దొరుకుతుంది. కత్తిరించిన వైరు తిరిగి అతికించడమే దానికి మందు.

‘ఏళ్ళ తరబడి ఒకే చానల్‌లో మాట్లాడుకునే నలుగురూ నాదే తప్పంటున్నారు, ఇక కౌంటర్ ఎందుకు?’ అని అడగవచ్చు. ఆ నలుగురూ ఏనాడో ఒకరితో ఒకరు సర్దుకుని ఉంటారు. వాళ్ళ మధ్య ఏకాభిప్రాయం ఉంది, ప్రమాణం లేదు. గుంపుతో మాట్లాడటమే లక్ష్యమైతే క్లారిఫయర్ తిప్పి వినండి, ఎవరికీ నష్టం లేదు. సెట్టు లోపల మార్చాలంటే మాత్రం సాక్ష్యం ప్రామాణిక ఫ్రీక్వెన్సీ నుంచి రావాలి. క్రిస్టళ్ళు ముసలివవుతాయి కనుక పాత సెట్టుకు అలైన్‌మెంట్ ఎలాగూ తప్పదన్నది ఇంకో వాదన. ఇందులో నిజం ఉంది. క్రిస్టల్ మొదటి ఏళ్ళలో కాస్త ఎక్కువగా, తర్వాత నెమ్మదిగా జరుగుతుంది. ముప్పై నలభై ఏళ్ళ సెట్టులో మూల ట్రిమ్మర్‌ను కొద్దిగా తిప్పడం న్యాయమైన పనే. అయితే ముసలితనం అన్ని చానళ్ళ మీదా సమానంగా, ఏళ్ళ మీద వస్తుంది. పోయిన వారం బాగున్న సెట్టు ఈ వారం 800 హెర్ట్జ్ తప్పితే అది ముసలితనం కాదు, ఏదో విరిగింది, లేదా కారింది. ఆ విరిగినదాన్ని వదిలేసి ట్రిమ్మర్‌తో అంకె సరిచేస్తే వచ్చే వారం మళ్ళీ తప్పుతుంది, ఈసారి ట్రిమ్మర్‌లో చోటు కూడా మిగలదు. తిప్పక తప్పనప్పుడు ఇనుప స్క్రూడ్రైవర్ వాడకండి. ఇనుము దగ్గరకు వస్తేనే కాయిల్ విలువ మారుతుంది, తీసేయగానే మళ్ళీ మారుతుంది. ఫెర్రైట్ కోరు పెళుసు కూడా, ఒక్కసారి పగిలితే కాయిలంతా మార్చాల్సిందే. సరిగ్గా పట్టే ప్లాస్టిక్ పనిముట్టు వాడాలి, తిప్పకముందు కోరు ఉన్నచోటు పెన్నుతో గుర్తు పెట్టుకోవాలి.

మన దేశంలో ఉన్న శ్రోతలకు ఒక మాట. ఇక్కడ 2005 నాటి నిబంధనల ప్రకారం 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్ వరకు, 5 వాట్లకు మించని శక్తితో, ఆంటెనా సెట్టులోనే అమర్చి ఉన్న పరికరాలకు లైసెన్సు అక్కర్లేదు. అమెరికా పట్టికలో 27వ చానల్ 27.275, అది ఈ హద్దు లోపలే ఉంది. 28వది 27.285, హద్దు దాటింది. అమెరికాలో ఉన్న బంధువులు తెచ్చిచ్చిన 40 చానళ్ళ లారీ సెట్టు బయటి ఆంటెనాతో పనిచేసేది కనుక, ఫ్రీక్వెన్సీ ఎంత సరిగ్గా ఉన్నా ఈ మినహాయింపు కిందికి రాదు. బల్ల మీద డమ్మీ లోడ్‌తో దాన్ని కొలిచి నేర్చుకోవచ్చు. ఆంటెనా తగిలించి బటన్ నొక్కడం వేరే సంగతి. అమెరికాలో సీబీకి 1983 నుంచి వ్యక్తిగత లైసెన్సు అవసరం లేకపోయినా, ట్రాన్స్‌మిటర్ లోపలి సర్దుబాట్లు అర్హత ఉన్న టెక్నీషియన్ చేతుల మీదుగా జరగాలన్నది అక్కడి పద్ధతి.

మీ దగ్గర ఎస్ఎస్‌బీ సెట్టు ఉంటే ఈ వారం ఒక పని చేయండి. 1, 19, 40 చానళ్ళ మీద, ఏఎమ్, యూఎస్‌బీ, ఎల్ఎస్‌బీ మూడు మోడ్‌లలో, ఆన్ చేసిన వెంటనే ఒకసారి, అరగంట తర్వాత ఒకసారి కొలవండి. మొత్తం 18 అంకెలు వస్తాయి. తేదీ, వోల్టేజి, వాడిన కౌంటర్ పేరు పక్కన రాసి ఆ కాగితాన్ని సెట్టు మూత లోపలి వైపు అంటించండి. రేపు ఎవరైనా ఫ్రీక్వెన్సీ తప్పిందంటే మళ్ళీ అవే 18 అంకెలు తీసి పక్కపక్కన పెట్టి చూడండి. మెకానిక్కు దగ్గరకు పోవాల్సివస్తే ‘అలైన్ చేయండి’ అనకండి, ఆ రెండు కాగితాలూ చేతికివ్వండి.